కడలి కబురు

నాగర్‌కర్నూలు జిల్లాలో నల్లమల అడవుల అంచున లింగాల అను గ్రామము కలదు. దాని పరిసరములందలి అడవిలో చెంచుల పెంటలు కలవు. దక్షిణముగా పోయినచో లోతైన లోయలో కృష్ణానది పారుచుండును. లింగాలకు సముద్రము సుమారు 200 కిలోమీటర్ల దూరము. అచ్చటి బాలబాలికలలో పెక్కండ్రు సముద్రమును కన్నులార చూచి యుండరు. అయినను వారి బ్రతుకు సముద్రముతో ముడివడియే యున్నది. ఆ ప్రాంతపు జొన్నచేలను తడుపు వానమబ్బు సముద్రము మీదనుండియే వచ్చుచున్నది. నల్లమల వాగుల నీరు కృష్ణలో కలసి, శ్రీశైలము, నాగార్జునసాగరము, విజయవాడ దాటి, దివిసీమలోని హంసలదీవి కడ సముద్రమును చేరుచున్నది.

అడవిలో పుట్టి పెరిగినవారు అడవి గుర్తులను చక్కగా ఎరుగుదురు. తేనెటీగలు ఎగిరిపోవు దిక్కును బట్టి తేనెపట్టు ఎచ్చట నున్నదో, పక్షుల అరుపును బట్టి ఏ మృగము కదలుచున్నదో చెంచులు చెప్పగలరు. అట్లే తీరమున పుట్టి పెరిగిన జాలరులు కెరటముల తీరును, గాలి వాలును, నీటి రంగును చూచి సముద్రపు మనసు తెలిసికొందురు. కాని ఒక భేదము కలదు. పులి అడుగుజాడ చూచినవాడు, పులి దగ్గరలోనే యున్నదని గ్రహించును. తీరమును తాకుచున్న కెరటమో, వారము దినముల క్రిందట, వేల కిలోమీటర్ల దూరమున పుట్టినదై యుండవచ్చును. అట్టి దాని రాకను ముందుగా తెలిసికొనుట ఎట్లు? తెలిసికొన్న సంగతిని తీరమున నున్నవానికి వేళకు అందజేయుట ఎట్లు? మొదటి ప్రశ్నకు శాస్త్రజ్ఞులు సమాధానము కనుగొనిరి. రెండవ ప్రశ్నకు సమాధానము నేర్చుకొనులోపల తెలుగునాడు వేల ప్రాణములను కోల్పోయెను.

గాలి వీచునపుడు జొన్నచేనును చూచినచో అల స్వరూపము తెలియును. చేను ఈ గట్టునుండి ఆ గట్టువరకు వంగుచు, లేచుచు, ఏదియో దానిమీద పరుగెత్తినట్లు కనబడును. కాని ఏ కంకియు తన మొదలు విడిచి పోదు. పరుగెత్తినది ఊపు మాత్రమే. నడిసముద్రములోని అలయు అట్టిదే. నీరు ఉన్నచోటనే గుండ్రముగా తిరిగి, ఇంచుమించు తన చోటికే మరలి వచ్చును. ముందునకు సాగునది గాలి ఇచ్చిన శక్తి. అందుచేతనే నడిసముద్రమున తేలుచున్న కొయ్యముక్క, అల వచ్చినపుడు పైకి లేచి, క్రిందికి దిగి, దాదాపు అచ్చటనే నిలుచును.

అల ఎంత పెద్దదగునో నిర్ణయించునవి మూడు కలవు. గాలి వేగము మొదటిది. ఆ గాలి ఎంతసేపు వీచెనన్నది రెండవది. అడ్డు లేకుండ నీటిమీద ఎంతదూరము వీచెనన్నది మూడవది. ఎంతటి పెనుగాలి వీచినను ఊరి చెరువులో తాటిచెట్టంత అల లేవదు. గాలి పరుగెత్తుటకు అచ్చట చోటు చాలదు. మహాసముద్రమున ఆ కొరత లేదు. అందునను దక్షిణ ధ్రువఖండమును చుట్టియున్న సముద్రమున నేల అడ్డము అత్యల్పము. అచ్చట పడమటి గాలులు ఏడాది పొడుగునను భూగోళమును చుట్టి వీచుచుండును. ప్రపంచములోని మహా తరంగములలో పెక్కు అచ్చటనే పుట్టుచున్నవి.

ఆ తరంగములు పుట్టినచోటనే అణగిపోవు. గాలిని వెనుక విడిచి, హిందూ మహాసముద్రమును దాటి, ఉత్తరముగా ప్రయాణము చేయును. ఒక అల శిఖరము వచ్చిన పిమ్మట మరియొక అల శిఖరము వచ్చుటకు పట్టు కాలమును ఆవర్తన కాలమందురు. దగ్గరి గాలికి లేచిన అలలు ఐదారు సెకండ్ల కొకటిగా, గజిబిజిగా వచ్చును. దూరమునుండి వచ్చిన అలలు పండ్రెండు మొదలు పదునెనిమిది సెకండ్ల కొకటిగా, బారులు తీరి వచ్చును. ఆవర్తన కాలము ఎక్కువైనకొలది లోతునీటిలో అల వేగమును ఎక్కువగును. 14 సెకండ్ల అలల గుంపు గంటకు సుమారు 40 కిలోమీటర్లు నడచును. అనగా దినమునకు 900 కిలోమీటర్లకు పైమాట. దక్షిణ సముద్రమునుండి ఆంధ్రతీరము సుమారు 7000 కిలోమీటర్ల దూరము. కావున అచ్చట పుట్టిన అల ఇచ్చటికి వచ్చుటకు వారము, ఎనిమిది దినములు పట్టును. 18 సెకండ్ల అలలు ఇంకను వేగముగా నడచి, రెండు దినములు ముందుగానే తీరమును చేరును. సముద్రము నెమ్మదిగా నున్న దినమున, దీర్ఘమైన వ్యవధితో తక్కువ ఎత్తు గల అలలు ఒక్కొక్కటిగా రాసాగినచో, వెనుక పెద్దవి వచ్చుచున్నవని అర్థము. అవి రాబోవు సేనకు ముందు నడచు వేగులవంటివి.

ఇట్టి అలలు ఒక్కొక్కప్పుడు ప్రజలను మోసగించును. ఆకాశము నిర్మలముగా నుండును, గాలి ఉండదు, తుపాను జాడ యుండదు. అయినను సముద్రము పొంగి తీరమునందలి ఇండ్లలోనికి చొరబడును. కేరళ జాలరులు దీనిని ‘కళ్ళక్కడల్’ అందురు. దొంగ సముద్రమని దాని భావము. దొంగవలె చప్పుడు లేక వచ్చునని వారు పెట్టిన ఆ పేరును నేడు శాస్త్రజ్ఞులును వాడుచున్నారు.

అల తీరమును సమీపించినపుడు దాని నడక మారును. నీటి లోతు తగ్గగా, అల అడుగుభాగమునకు నేల అడ్డుపడును. ముందరి అల మందగించును. వెనుకటిది దానిని తరుముకొని వచ్చును. అలల నడుమ దూరము తగ్గి, ఎత్తు పెరుగును. అల ఎత్తు నీటి లోతులో సుమారు మూడువంతులకు పైబడగానే, అనగా నాలుగు మీటర్ల లోతులో మూడు మీటర్ల అల లేవగానే, దాని తల ముందునకు వాలి విరిగిపడును. ఒడ్డున వినవచ్చు హోరు అదియే. అంతవరకు ఊపుగా మాత్రమే నడచిన అల, ఇచ్చట నిజముగనే నీటిని ముందునకు విసరివేయును. కావుననే నడిసముద్రమున అపాయము చేయని అల ఒడ్డుకడ పడవను బోర్లింపగలదు.

అల ఎట్లు విరుగునన్నది సముద్రపు అడుగును బట్టి యుండును. ఇసుకతీరమున అడుగు మెల్లమెల్లగా ఎత్తగును. అల అక్కడక్కడ విరుగును. కొన్ని దీవులచుట్టు పగడపు దిబ్బలు కలవు. అగాధమైన నీటినుండి వచ్చిన అల, గోడవంటి ఆ దిబ్బను ఒక్కసారిగా తాకి, నిలువున లేచి, గొట్టమువలె చుట్టుకొని పడును. పసిఫిక్ మహాసముద్రమునందలి తాహితి దీవిలో తెయాహుపో అను చోట ఇట్టి అల ప్రసిద్ధము. పలకపై నిలిచి అలమీద జారు క్రీడయగు సర్ఫింగునకు 2024 పారిస్ ఒలింపిక్ పోటీలు అచ్చటనే జరిగెను. పోటీలకు నడుమ కొన్ని దినములు సముద్రము అనుకూలింపనందున ఆట నిలిపివేసిరి. క్రీడాకారులెంత సిద్ధముగా నున్నను ఆట జరుగు దినమును నిర్ణయించినది సముద్రమే. తెయాహుపో అలలును దక్షిణ సముద్రపు గాలులవలననే పుట్టుచున్నవి. ఆ విధముగా తాహితికిని ఆంధ్రతీరమునకును అలలను పంపు పుట్టిల్లు ఒక్కటియే.

ఆంధ్రతీరమున అట్టి పగడపు దిబ్బలు లేవు. కాని సముద్రములోనికి చొచ్చుకొనిపోయిన కొండకొమ్ము కలదు. అది విశాఖపట్నమునందలి డాల్ఫిన్ ముక్కు. సూటిగా వచ్చిన అల, కొండ దగ్గరి లోతులేని నీటిలో మందగించి, లోతునీటిలో మాత్రము వడిగా సాగుటచే, కొండవైపునకు వంగును. అందుచేత కొండకొమ్ము కడ అలల బలము కూడును. ప్రక్కనున్న వంపులో ఆ బలము చెదరి పలుచబడును. ఆ కొండ చాటుననే విశాఖ రేవును నిర్మించి 1933లో ఓడల రాకపోకలకు తెరచిరి. ఇట్టి కొమ్ములను ఒరసికొనుచు వచ్చు అల, ఒక కొననుండి రెండవ కొనకు వరుసగా విరుగుచు పోవును. సర్ఫింగు చేయువారు అట్టి అలపై చాలదూరము జారిపోగలరు. విశాఖకు ఉత్తరముగా రుషికొండ కడ నేడు యువకులు ఈ క్రీడను నేర్చుచున్నారు. వారు తెల్లవారుజామునే నీటికి పోవుదురు. రాత్రి నేల సముద్రముకంటె త్వరగా చల్లబడును గనుక వేకువన గాలి నేలమీదినుండి సముద్రమువైపు వీచును. ఎదురుగాలికి అల నునుపుదేరి నిలుచును. పొద్దెక్కినకొలది నేల వేడెక్కి, గాలి మరలి, సముద్రమునుండి వీచి అలలను చెదరగొట్టును.

ఆటకై అలను వెదకువారు కొందరైన, కూటికై అలను దాటువారు వేలమంది. తీరమున విరుగు కెరటముల వరుసను దాటినగాని జాలరికి వేట లేదు. పూర్వము ఇందులకు రెండు సాధనములుండెను. తేలికయగు దుంగలను త్రాళ్ళతో కట్టిన తెప్ప ఒకటి. అల మీదపడినను నీరు దుంగల సందులనుండి జారిపోవును గాని తెప్ప మునుగదు. పలకలను మేకులు లేకుండ కొబ్బరిపీచు త్రాటితో కుట్టిన పడవ రెండవది. అల తాకినపుడు మేకుల పడవ పగులును; కుట్టిన పడవ ఆ దెబ్బకు కొంచెము సాగి, వంగి, నిలుచును. ఇప్పుడు వాని స్థానమున ఫైబరు పడవలు, యంత్రపు నావలు వచ్చినవి. కాని కెరటము దాటు ఉపాయము మారలేదు. పెద్ద అలలు గుంపులుగా వచ్చును. రెండు గుంపుల నడుమ కొంత తెరపి యుండును. జాలరి ఒడ్డున నిలిచి, అలలను లెక్కించి, ఆ తెరపిని కనిపెట్టి, పడవను నెట్టును. ఒక్క అల లెక్క తప్పినను పడవ అడ్డము తిరుగును.

ఈ నేర్పు గొప్పదే. కాని దానికొక హద్దు కలదు. జాలరి కన్ను చూడగలిగినంత మేరకే అతని జోస్యము. క్షితిజమున కావల ఏమి జరుగుచున్నదో అతడు ఎరుగడు. 1864వ సంవత్సరము నవంబరు 1వ తేదీన బందరును ముంచిన ఉప్పెనలో సుమారు 30,000 మంది మరణించిరి. అంతకు పూర్వము అక్టోబరులోనే మరియొక తుపాను కలకత్తాను నాశనము చేసియుండెను. ఈ విపత్తుల పిమ్మట 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడెను. తుపాను వార్తలను తంతిద్వారా రేవులకు పంపు పద్ధతి నానాటికి విస్తరించెను.

రేవులలో ఆ వార్తను ఓడలకు తెలుపుటకు స్తంభముపై గుర్తులు ఎగురవేయుదురు. పగలు శంఖువు, పీపా ఆకారములు కట్టుదురు. రాత్రి ఎఱ్ఱని, తెల్లని దీపములు వ్రేలాడదీయుదురు. ఒకటవ నంబరు మొదలు పదునొకండవ నంబరు వరకు సూచికలు కలవు. ఒకటి, రెండు నంబర్లు దూరమున నున్న వాయుగుండమును, తుపానును తెలుపును. మూడు, నాలుగు నంబర్లు రేవునకే పొంచియున్న ముప్పును తెలుపును. అయిదు మొదలు ఏడు వరకు ప్రమాదము. ఎనిమిది మొదలు పది వరకు మహా ప్రమాదము. పదునొకండవ నంబరు తక్కినవానివంటిది కాదు. తుపాను హెచ్చరిక కేంద్రముతో రేవునకు సంబంధము తెగిపోయినదని, వార్త అందుట లేదని, పెనుముప్పు రానున్నదని తలచి జాగ్రత్త పడవలెనని దాని అర్థము. గాలి ఎంత వీచుచున్నదో అది చెప్పదు. కబురు తెగినదని మాత్రమే చెప్పును. కబురు తెగుటయే కడపటి ప్రమాదమని ఆ సూచికను ఏర్పరచినవారు భావించిరి. వారి భావమెంత నిజమో 1977లో దివిసీమ చూచెను.

లింగాల సీమనుండి పోవు కృష్ణ సముద్రమున కలియుచోట దివిసీమ యున్నది. నది తెచ్చిన ఒండ్రుతో ఏర్పడిన నేల అది, చదునైనది, పల్లమైనది. దానికెదురుగా సముద్రమును చాలమేర లోతు తక్కువ. 1977 నవంబరు 19వ తేదీన పెనుతుపాను ఆ తీరమును తాకెను. మనుష్యులను ఎక్కువగా చంపినది గాలి కాదు, వాన కాదు, ఉప్పెన. ఉప్పెన అనగా ఒక అల కాదు. సముద్రమట్టమే పైకి లేచుట. తుపాను నడుమ గాలి ఒత్తిడి తగ్గుటచే నీరు కొంత ఉబుకును. గాలి నీటిని తీరమువైపు త్రోయును. లోతు తక్కువైన చోట ఆ నీటికి వెనుకకు పోవ దారి లేక పోగుపడును. ఆనాడు అయిదు మీటర్ల ఎత్తున లేచిన నీరు, దానిమీద అలలతో, ఊళ్ళకు ఊళ్ళను ముంచెను. సొర్లగొంది, పాలకాయతిప్ప మున్నగు గ్రామములు రూపుమాసెను. ప్రభుత్వపు లెక్కల ప్రకారమే మృతులు సుమారు పదివేలు.

తుపాను వచ్చుచున్నదను వార్త ఆనాడు లేకపోలేదు. వాతావరణ శాఖ హెచ్చరికలు పంపియే యుండెను. కాని గాలికి స్తంభములు కూలి తీగలు తెగెను. పల్లపు గ్రామములలోనివారికి అది ఎంతటి ఉపద్రవమో, ఎచ్చటికి పోవలెనో విడమరచి చెప్పువారు లేరైరి. పోదమన్నను ఎత్తయిన గట్టి కట్టడములు అరుదు. కబురు బయలుదేరెను గాని కడపటి గడపను చేరలేదు.

ఆ తరువాత పదుమూడేండ్లకు, 1990 మే 9వ తేదీన, ఇంచుమించు అంతటి తుపానే కృష్ణానది ముఖద్వారము కడ తీరమును దాటెను. ఈసారి మరణించినవారి సంఖ్య వేయికి లోపు. అదియు దుఃఖకరమే, కాని పదివేలెక్కడ, వేయి ఎక్కడ? సముద్రము దయ తలచినందున ఈ భేదము రాలేదు. నడుమ కాలమున తీరము పొడుగునను తుపాను రక్షణ భవనములు లేచెను. 1983లో ఎగసిన ఇన్సాట్-1బి ఉపగ్రహము తుపాను కదలికలను చిత్రములుగా పంపుటయే గాక, తీగలు తెగినను ఆగని హెచ్చరికలను గ్రామములకు చేరవేయుటకు ఉపయోగపడెను. అధికారులు లక్షన్నరకు పైగా జనులను ముందుగానే ఎత్తయిన చోట్లకు తరలించిరి. అన్నింటికంటె ముఖ్యముగా, 1977ను చూచినవారు ఇంకను బ్రతికియుండిరి. పొండనగానే వారు మారు పలుకక పిల్లలను చంకనెత్తుకొని పోయిరి.

ఇప్పుడు కడలి కబురు ఎచ్చట తయారగుచున్నదో తెలిసికొన్నచో ఆశ్చర్యము కలుగును. తుపానులను గూర్చి వాతావరణ శాఖ తెలుపుచున్నది. అలలను గూర్చి తెలుపు సంస్థ మాత్రము సముద్రపు గాలి సోకని హైదరాబాదులో నున్నది. 1999లో స్థాపింపబడిన ఆ సంస్థ భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రము. ‘ఇన్‌కాయిస్’ అని దానిని పొట్టిపేరుతో పిలుతురు. 2004 డిసెంబరు 26వ తేదీన సునామీ దేశపు తీరములను దెబ్బతీసిన పిమ్మట, 2007లో సునామీ హెచ్చరిక కేంద్రమును ఇచ్చటనే నెలకొల్పిరి. విశాఖపట్నము మున్నగు చోట్ల సముద్రమున లంగరు వేసిన తేలుడు సాధనములు, తాము లేచి దిగు తీరును బట్టి అలల ఎత్తును, ఆవర్తన కాలమును కొలిచి పంపుచుండును. ఉపగ్రహములు పైనుండి నడిసముద్రపు అలలను, గాలులను కొలుచును. కంప్యూటర్లలో సముద్రమునంతటిని చిన్నచిన్న గళ్ళుగా విభజించి, ఏ గడిలో ఎంత గాలి వీచునో, ఏ అల ఏ గడిలోనికి ఎప్పుడు పోవునో గణించెదరు. దక్షిణ సముద్రమున నేడు లేచిన అల ఆంధ్రతీరమున ఏనాడు విరుగునో ఇట్లు ముందుగా తెలియును.

ఆ ప్రకటనను చదువుటయు ఒక విద్యయే. ‘అలల ఎత్తు 2 మీటర్లు, ఆవర్తన కాలము 15 సెకండ్లు, దిక్కు దక్షిణము’ అని ఒకనాడు ప్రకటించిరనుకొందము. రెండు మీటర్లనగా ప్రతి అలయు రెండు మీటర్లని కాదు. వచ్చిన అలలలో మిక్కిలి పెద్దవియగు మూడవవంతు అలల సగటు అది. వానిలో అరుదుగా ఒకటి నాలుగు మీటర్లు కూడ కావచ్చును. పదునైదు సెకండ్లనగా అలలు బహుదూరమునుండి వచ్చుచున్నవని, గాలి లేకున్నను తీరమున బలముగా విరుగునని గ్రహింపవలెను. దక్షిణపు అల ఏ తీరమునకు సూటిగా తగులునో, ఏ కొండ చాటున తగ్గునో ఆ తీరమువాడే ఎరుగును. పోటు వేళ ఈ అలలు వచ్చినచో నీరు మరింత ఎత్తునకు ఎక్కును. కేంద్రము చెప్పు సంఖ్యలకు తీరవాసి అనుభవము తోడైనపుడే జోస్యము పూర్తియగును. ఒకటి క్షితిజమున కావల చూచును. రెండవది కాలి క్రింది ఇసుకను చూచును.

లింగాలవంటి గ్రామములనుండి విహారయాత్రకై సముద్రతీరమునకు పోవు బాలబాలికలు ఒక సంగతి తప్పక ఎరిగియుండవలెను. అలలు ఒడ్డునకు తెచ్చిన నీరంతయు మరల వెనుకకు పోవలెను గదా! అది ఒక్కొక్కచోట ఇరుకైన కాలువవలె చేరి, వడిగా సముద్రములోనికి లాగుకొనిపోవును. చిత్రమేమనగా, అట్టి చోట అలలు అంతగా విరుగవు. చూచువారికి అదియే నెమ్మదియైన చోటుగా తోచును. తెలియనివారు అచ్చటనే దిగుదురు. ఆ ప్రవాహమున చిక్కినవాడు దానికెదురీది అలసిపోయి మునుగును. దానితో పెనుగులాడరాదు, ఒడ్డునకు సమాంతరముగా ప్రక్కకు ఈది, ప్రవాహము దాటిన పిమ్మట ఒడ్డువైపు తిరుగవలెను. ఈదలేనివాడు తేలియుండి చేయి పైకెత్తి సహాయమునకు పిలువవలెను. చెరువులో ఈత వచ్చినంతమాత్రమున సముద్రములో దిగుట తగదు. కావలివారు వద్దన్నచోట దిగకుండుటయే బుద్ధిమంతుల లక్షణము.

ఇంత శాస్త్రము, ఇన్ని యంత్రములు ఉన్నను తుది మెట్టు మనుష్యునిదే. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్నమును తాకినపుడు, అది రాబోవు చోటును దినములకు ముందే తెలుపగలిగిరి. లక్షలాది జనులను తరలించిరి. అయినను తుపాను తాకిన పిమ్మట నగరములో విద్యుత్తు, టెలిఫోనులు స్తంభించెను. అంతకు ముందే కబురు అందియుండుటచే ప్రాణనష్టము తగ్గినది. రేడియో, సెల్‌ఫోను, రేవులోని ప్రకటన ఫలకము, ఊరి మైకు - వీనిలో ఏదో యొకటి పలికినపుడు విని, నమ్మి, పడవను ఇసుకమీదికి లాగి కట్టువాడు ఉండవలెను. ఆనాటి కూలి పోవునని అతనికి తెలియును. ఒక్కొక్కప్పుడు చెప్పినంత పెద్ద అల రాకపోవచ్చును. ఊరక వేట మానితినని అతడు విసుగుకొనవచ్చును. అయినను మరునాడు కబురు వచ్చినపుడు మరల వినవలెను. పదిసార్లు విని, పదునొకండవసారి వినకుండుటయే అపాయము.

కడలి కబురు తప్పినపుడు పత్రికల నిండ ఆ వార్తయే. అది ఫలించిన దినమున చెప్పుకొనుటకు ఏమియు ఉండదు. పడవలు ఒడ్డున బోర్లించియుండును. జాలరి వలలోని చినుగులను కుట్టుకొనుచుండును. అతని పిల్లలు బడిలో నుందురు. అడవిలో ముందు నడచినవాడు వెనుక వచ్చువారికై కొమ్మ విరిచి దారికి గుర్తు పెట్టును. ఆ గుర్తును చూచి దారి తప్పనివాడు, తప్పియుండిన ఏమగునో ఎన్నడును ఎరుగడు. గుర్తు పెట్టినవాని శ్రమకు, దానిని గమనించినవాని వివేకమునకు ఫలము అదియే.

ప్రశ్నలు

1. జొన్నచేనుకును నడిసముద్రపు అలకును గల పోలిక యేమి?
2. అల ఎత్తును నిర్ణయించు మూడు విషయములను తెలుపుడు. ఊరి చెరువులో పెద్ద అలలు లేవకుండుటకు కారణమేమి?
3. అలకును ఉప్పెనకును భేదమేమి?
4. రేవులలో ఎగురవేయు పదునొకండవ నంబరు సూచికకు అర్థమేమి? అది తక్కినవానికంటె ఎట్లు భిన్నమైనది?
5. 1977లోను, 1990లోను వచ్చిన తుపానులలో ప్రాణనష్టము వేరువేరుగా నుండుటకు గల కారణములను మీ సొంత మాటలలో వ్రాయుడు.
6. మీ గ్రామమున వాన, గాలి రాకను పెద్దలు ఏయే గుర్తులను బట్టి చెప్పుదురో అడిగి తెలిసికొని, పది వాక్యములలో వ్రాయుడు.